స్టార్లా, గోలీల సీసానా, మంచి చీటీలా: మీ క్లాసుకు ఏది?

రెండో తరగతి పాప ఒకతి నా టేబుల్ దగ్గరికొచ్చి, "టీచర్, పక్కవాడి పెన్సిల్ విరిగితే నాది ఇచ్చాను. స్టార్ వెయ్యరా?" అని అడిగింది. వేశాను. మర్నాడు పొద్దున్నే మళ్లీ వచ్చింది. "వాడి పెన్సిల్ ఇవాళ ఇంకా విరగలేదు టీచర్. విరగ్గానే ఇస్తాను" అంది. చేతిలో పెన్సిల్ అప్పటికే చెక్కి సిద్ధంగా ఉంది.

ఆ పాప తప్పేమీ లేదు. నేను గోడకు అంటించిన చార్టు ఏం నేర్పిందో అదే నేర్చుకుంది. పిల్లలు ఒకరినొకరు పట్టించుకోవాలని ఆ చార్టు పెట్టాను. వాళ్లు మాత్రం నా చేతిలోని స్కెచ్ పెన్నునే చూస్తూ కూర్చున్నారు.

చిన్న తరగతులు చెప్పేవాళ్లం ఎక్కడ కలిసినా ఈ చర్చ వస్తుంది. ఒకరు స్టార్లు అంటారు, ఒకరు క్లాసు బాగా చేసినప్పుడల్లా గోలీ వేసే గోలీల సీసా అంటారు, ఇంకొకరు అవేవీ వద్దు, మంచిమాట చాలంటారు. చాలావాటిని నా క్లాసుల్లో పెట్టి చూశాను. కొన్ని నిలబడ్డాయి, కొన్నిటిని నెల తిరక్కుండానే తీసేశాను. ఏది ఎంచుకోవాలో తేలక ఆగిపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు ఒక్క సంగతి తేల్చుకోండి

మీకిప్పుడు కావలసింది ఒద్దికా, మంచితనమా?

లైనులో తోసుకోకుండా నడవడం, చెయ్యెత్తి మాట్లాడడం, చెప్పగానే పుస్తకం తియ్యడం ఒద్దిక. పడిపోయిన పిల్లను లేపడం, ఆటలో ఓ పక్కన నిలబడ్డవాణ్ణి రమ్మనడం, తప్పు చదివినవాడి మొహం చూసి కిసుక్కున నవ్వకుండా ఉండడం మంచితనం. రెండూ కావాలి. కానీ ఒకదానికి పనికొచ్చే పద్ధతి రెండోదానికి పనికిరాకపోవచ్చు, ఒక్కోసారి చెరుపు కూడా చేస్తుంది. సూది పడితే వినిపించేంత నిశ్శబ్దంగా ఉన్న క్లాసులో కూడా ఎవరూ పక్కన కూర్చోని పిల్ల ఒకతి ఉంటుంది. ఒద్దిక గుమ్మంలో నిలబడి చూసినా కనిపిస్తుంది. మంచితనం పక్క బెంచీవాడికే తెలుస్తుంది.

మనం ఎంచుకోవడంలో పొరపాట్లు చాలావరకు ఈ రెండింటినీ ఒకే సీసాలో వెయ్యడం వల్ల వస్తాయని నా నమ్మకం. "అందరూ నోరు మూసుకుంటే గోలీ, స్నేహితుడికి సాయం చేస్తే గోలీ" అన్నామంటే పిల్లల లెక్కలో రెండూ ఒకటే అయిపోతాయి: టీచర్ని మెప్పించే పనులు.

ఇది తేలాక ఏ పద్ధతినైనా కొన్ని ప్రశ్నలు అడగాలి. మంచిపనిని గమనించేది ఎవరు, టీచరొక్కరేనా, పిల్లలు కూడానా? వెనకబడ్డ పిల్లకు నలుగురిలో తల వంచుకోవలసిన పరిస్థితి వస్తుందా? బహుమతి ఆపేసిన రోజున ఏం మిగులుతుంది? రోజుకు ఎన్ని నిమిషాలు తింటుంది? ఈ చివరిదాన్ని చిన్నది అనుకోకండి. మూడో వారానికి మూలపడే పద్ధతి వల్ల "టీచర్ మాట రెండు వారాలే" అన్న పాఠం పిల్లలకు ఒంటపడుతుంది.

ఒక్కొక్కరి పేరు మీద స్టార్లు, స్టిక్కర్లు

మొదలుపెట్టడానికి ఇంతకంటే తేలికైనది లేదు. ఒక చార్టు, ఒక పెన్ను చాలు. మొదటి వారంలో క్లాసు రూపే మారిపోతుంది. అది చూసే అందరం మోజు పడతాం.

దీని చిక్కు ఏమిటో 1973లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ బడిలో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ చేసిన ప్రయోగంలో బయటపడింది. బొమ్మలు గియ్యడమంటే ప్రాణమిచ్చే పిల్లల్ని ఎంచుకున్నారు. కొందరికి గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు, కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. వారం రెండు వారాల తర్వాత, ఏ బహుమతీ లేని రోజున, ముందే ఆశపెట్టిన పిల్లలు మిగతావాళ్లు గీసిన సమయంలో సుమారు సగమే గీశారు. చెప్పకుండా ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. అంటే చెడగొట్టింది సర్టిఫికెట్ కాదు, "ఇది చేస్తే అది ఇస్తాను" అన్న బేరం.

సాయం చేసే గుణానికీ ఇదే వర్తిస్తుంది. 2008లో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో 20 నెలల పసివాళ్లతో ఒక ప్రయోగం చేశారు. పెద్దవాళ్ల చేతిలోంచి జారిపడ్డ వస్తువును ఆ వయసు పిల్లలు అడక్కుండానే అందిస్తారు. అందించిన ప్రతిసారీ బొమ్మ బహుమతిగా ఇచ్చిన పిల్లలు ఆ తర్వాత, బహుమతి లేనప్పుడు, తక్కువగా అందించారు. మాటతో మెచ్చుకున్న పిల్లలు అలా తగ్గలేదు. మంచితనం పిల్లల్లో ముందే ఉంటుంది. దానికి మనం వెల కట్టగానే వాళ్లు వెల అడగడం మొదలుపెడతారు.

అలాగని స్టార్లను పూర్తిగా తీసిపారెయ్యను. చేతిరాత ప్రాక్టీసు, ఎక్కాలు, సంచీ సర్దుకోవడం వంటివి పిల్లలు తమంతట తాము ఇష్టపడి చెయ్యరు కాబట్టి అక్కడ పోయే ఇష్టమేమీ లేదు. ఆ అలవాటు కుదిరేదాకా స్టార్ పనికొస్తుంది. సాయానికి, స్నేహానికి, క్షమాపణకు మాత్రం స్టార్ వెయ్యొద్దు.

క్లాసంతటికీ ఒకే గోలీల సీసా

గాజు సీసా ఒకటి, గోలీలు కొన్ని. క్లాసు మొత్తం బాగా చేసిన పనికి ఒక గోలీ. సీసా నిండితే అందరూ కలిసి అనుభవించేది ఏదైనా: ఒక పీరియడు అదనపు ఆట, ఆరుబయట చెట్టు కింద పాఠం, కథ చెప్పే గంట.

గోలీ సీసాలో పడ్డప్పుడు టింగుమని వినిపించే చప్పుడుంది చూశారూ, దానికి స్టార్‌కి లేని బలం ఉంది. అందరి తలలూ ఒకేసారి లేస్తాయి, ఆ సంతోషం అందరిదీ అవుతుంది. ఎవరి పేరూ గోడ మీద ఉండదు కాబట్టి ఎవరూ వెనకబడరు. రోజుకు రెండు నిమిషాలు మించి పట్టదు.

జాగ్రత్త పడాల్సినవి రెండు. ఒకటి, సీసాలోంచి గోలీ తీసెయ్యడం. కోపంలో చెయ్యి అటే వెళుతుంది. ఒక్కడి అల్లరికి గోలీ తీశారంటే ఆటల వేళలో ముప్ఫైమంది వాడి మీద విరుచుకుపడతారు, ఆ దెబ్బ మీకు కనిపించదు కూడా. పడిన గోలీ పడినట్టే ఉండాలి. రెండోది ఇందాక చెప్పిందే: ఈ సీసాను ఒద్దికకే ఉంచండి.

జట్ల ఆట

దీనికి గట్టి చరిత్ర ఉంది. 1969లో అమెరికాలోని కాన్సస్‌లో బారిష్, సాండర్స్, వుల్ఫ్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక నాలుగో తరగతిని రెండు జట్లు చేశారు. సీట్లోంచి లేచినా, అనుమతి లేకుండా మాట్లాడినా ఆ జట్టుకు బోర్డు మీద ఒక గీత. గీతలు తక్కువున్న జట్టు గెలుస్తుంది, రెండూ హద్దులోపే ఉంటే రెండూ గెలుస్తాయి. అల్లరి అమాంతం తగ్గిపోయింది. తర్వాత 1985-86లో బాల్టిమోర్ నగరంలో ఒకటో తరగతుల్లో ఆడించి, ఆ పిల్లలు 19-21 ఏళ్లకు వచ్చేదాకా గమనించారు. ముఖ్యంగా చిన్నప్పుడు కొట్లాటలకు దిగే మగపిల్లల్లో, పెద్దయ్యాక మత్తుమందుల అలవాటు వంటి సమస్యలు ఈ ఆట ఆడని వాళ్లకంటే తక్కువగా కనిపించాయి. రోజుకు కాసేపు ఆడే ఆటకు ఇంత దూరం వెళ్లే బలం ఉందంటే చిన్న సంగతి కాదు.

కానీ ఆ మొట్టమొదటి క్లాసులోనే ఇద్దరు పిల్లలు "మేం ఆడం" అని మొండికేసి, కావాలని నియమాలు తప్పారు. వాళ్లవల్ల జట్టు నష్టపోవడం అన్యాయమని వాళ్లను జట్టులోంచి విడిగా లెక్కపెట్టాల్సి వచ్చింది. మీ క్లాసులోనూ అలాంటివాళ్లు ఒకరిద్దరు ఉంటారు. అందుకే గెలవడమంటే పక్క జట్టును మించడం అని పెట్టకండి. "ఐదు గీతలు దాటని ప్రతి జట్టూ గెలిచినట్టే" అనండి. గీత పెట్టేటప్పుడు పిల్ల పేరు ఎత్తకుండా నియమం పేరే చెప్పండి. మొదట్లో పది నిమిషాలు చాలు, తర్వాత పెంచుకోవచ్చు.

క్లాసు చెయ్యి దాటిపోయిందని బెంగపడుతున్న టీచర్‌కు నేను మొదట చెప్పేది ఇదే. మంచితనం నేర్పడం దీని పని కాదు. అది నేర్పడానికి కావలసిన నెమ్మదిని తెచ్చిపెడుతుంది.

రంగుల చార్టు

పచ్చ, పసుపు, ఎరుపు. ప్రతి పిల్ల పేరూ ఒక బట్టల క్లిప్పు మీద. తప్పు చేస్తే క్లిప్పు కిందికి.

దీన్ని వద్దంటాను. నేను వాడిన ఏడాది ఒక అబ్బాయి క్లిప్పు రోజూ ఎరుపులోనే ఉండేది. ఒకరోజు నేను క్లాసులోకి వెళ్లేసరికి, బెల్లు కూడా కొట్టకముందే, తన క్లిప్పును తనే తీసి ఎరుపులో పెట్టుకుని బెంచీలో కూర్చున్నాడు. ఎందుకురా అంటే, "ఎలాగూ అక్కడికే వస్తుంది కదా టీచర్" అన్నాడు. ఏడేళ్లవాడు. ఆ మధ్యాహ్నమే చార్టు చించేశాను. వాడికి ఆ మాట అనిపించేదాకా ఎందుకు చూడలేదా అని ఇప్పటికీ బాధపడతాను.

మాటతో మెచ్చుకోవడం

ఖర్చు లేదు, చార్టు లేదు, అయినా అన్నిటికంటే కష్టం ఇదే. ఎందుకంటే మన నోటికి అలవాటైన "గుడ్", "శభాష్", "మంచి పిల్ల" దీని కిందికి రావు. ఏం చేసిందో, దానివల్ల అవతలివాళ్లకు ఏమైందో చెప్పాలి. "నువ్వు జరిగి చోటిచ్చావు, అందుకే తను నిలబడకుండా కథ వినగలిగింది." ఇందులో పొగడ్త ఒక్క ముక్క లేదు. అయినా ఆ పిల్ల మొహం వెలిగిపోతుంది, ఎందుకంటే తను చేసిన పనికి ఫలితం కళ్లెదుట కనిపించింది.

మాటల పొందికలో చిన్న మెలిక ఉంది. 2014లో క్రిస్టఫర్ బ్రయన్ బృందం 3-6 ఏళ్ల పిల్లల్లో కొందరిని "సాయం చెయ్యండి" అనీ, కొందరిని "సాయం చేసేవాళ్లుగా ఉండండి" అనీ అంది. రెండో మాట విన్నవాళ్లు ఎక్కువ సాయం చేశారు. ఇది చదివి కొన్నాళ్లు అందరినీ "నువ్వు సాయం చేసేదానివి" అంటూ తిరిగాను. తర్వాత జరిగిన మరో ప్రయోగంలో రెండో వైపు తెలిసింది: సాయం చెయ్యబోయి పొరపాటు జరిగితే, ఆ పేరు మోస్తున్న పిల్లలే తొందరగా వెనక్కి తగ్గుతున్నారు. పాలు పొయ్యబోయి ఒలకబోసిన పిల్ల "నేను సాయం చేసేదాన్ని కాదేమో" అనుకుంటుంది. అందుకని పిలుపుకు ఆ మాట వాడతాను, మెచ్చుకోలుకు మాత్రం చేసిన పనే చెబుతాను.

ఇంకొకటి. కొందరు పిల్లలు నలుగురిలో మెచ్చుకుంటే ముడుచుకుపోతారు. వాళ్ల బెంచీ పక్కన వంగి, వాళ్లకు మాత్రమే వినపడేలా చెప్పండి.

మంచి చీటీలు

నాకు అన్నిటికంటే దగ్గరైన పద్ధతి ఇది. చిన్న తరగతుల్లో రోజంతా వినపడే పాట ఒకటే: "టీచర్, వీడు చూడండి, నన్ను తోశాడు." ఆ చాడీల ఉత్సాహాన్నే తిరగేస్తే మంచి చీటీలు. పక్కవాళ్లు చేసిన మంచిపనిని చూసినవాళ్లు చీటీ మీద రాసి డబ్బాలో వేస్తారు. 2000 సంవత్సరం నుంచీ పరిశోధకులు దీన్ని క్లాసుల్లో పరీక్షిస్తున్నారు.

నియమాలు మూడే. నా గురించి నేను రాసుకోకూడదు. "మంచివాడు" అని రాస్తే చాలదు, ఏం చేశాడో రాయాలి. ఎవరికి చేశాడో కూడా రాయాలి. సాయంత్రం బెల్లుకు ముందు ఐదారు చీటీలు చదువుతాను.

మొదటి వారం అందరూ తమ ప్రాణస్నేహితుల గురించే రాశారు. అది మామూలే, కంగారుపడకండి. రెండో వారంలో ఒక చీటీ వచ్చింది. క్లాసులో గొంతే వినిపించని అబ్బాయి గురించి, వాడితో ఎప్పుడూ మాట్లాడని అమ్మాయి వంకర అక్షరాలతో రాసింది: "నా రబ్బరు దొల్లిపోతే బల్ల కింద దూరి తెచ్చాడు. దుమ్ము ఊది ఇచ్చాడు." చదివాక క్లాసంతా వాడివైపు తిరిగింది. వాడు తల వంచుకుని తన రబ్బరును ఊదుకుంటున్నాడు. ఆ దుమ్ము ఊదడాన్ని ఏ టీచరూ పట్టుకోలేదు. నాకు రెండు కళ్లు, క్లాసుకు ఎనభై.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఎవరి పేరు మీద ఎన్ని చీటీలు వచ్చాయో ఇంటికెళ్లేముందు ఒకసారి చూసుకోండి, ఆ లెక్క పిల్లలకు చెప్పకండి. వారమైనా ఒక్క చీటీ రాని పిల్ల ఉంటే, ఆ పిల్లను కనిపెట్టి చూసి మీరే నిజమైన చీటీ ఒకటి రాయండి. అబద్ధపు చీటీ రాస్తే పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది. చదివేముందు చీటీలన్నీ మీరొకసారి చూసుకోవడం కూడా అవసరమే, వెక్కిరింపు చీటీ ఎప్పుడో ఒకటి వస్తుంది.

వారానికి మూడు మంచిపనులు

చీటీలకు తోబుట్టువు లాంటిది. కెనడాలోని వాంకూవర్‌లో 9-11 ఏళ్ల పిల్లలతో చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. నాలుగు వారాలపాటు కొందరు వారానికి మూడు మంచిపనులు చేశారు, కొందరు వారానికి మూడు చోట్లకు వెళ్లొచ్చారు. రెండు గుంపుల వాళ్లూ మునుపటికంటే సంతోషంగా ఉన్నారు. కానీ మంచిపనులు చేసినవాళ్లను తోటిపిల్లలు ఎక్కువగా కలుపుకున్నారు. ఒంటరి పిల్లలున్న క్లాసుకు ఇది గుర్తుంచుకోవలసిన సంగతి. నాలుగు, ఐదు తరగతులకు బాగుంటుంది. ఇంకా చిన్నవాళ్లు వారం లెక్క మరిచిపోతారు, వాళ్లకు "ఇవాళ ఒకటి" చాలు.

గుండ్రంగా కూర్చుని మాట్లాడుకోవడం

రోజూ పది నిమిషాలు, లేదా వారానికి ఒక పీరియడు. చేతిలో ఏదో ఒక వస్తువు తిరుగుతుంది, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడతారు. మాట్లాడకుండా పక్కవాళ్లకు ఇచ్చేసే హక్కు కూడా ఉండాలి. "నిన్న నిన్ను ఎవరైనా నవ్వించారా?" లాంటి తేలిక ప్రశ్నలతో మొదలుపెట్టండి. రెండు నెలలు గడిచాకే "ఎప్పుడైనా నిన్ను ఆటలో వద్దన్నారా?" దాకా రండి. పిల్లల మధ్య లోపల నలుగుతున్న గొడవ పైకి తేవడానికి ఇంతకు మించిన దారి లేదు. సమయం ఎక్కువ పడుతుంది, క్లాసు పెద్దదైతే సాగదు.

| పద్ధతి | దేనికి | ఎవరు గమనిస్తారు | రోజుకు సమయం | ఆపేస్తే | ఏ తరగతికి |
|---|---|---|---|---|---|
| స్టార్లు | విసుగు పనుల అలవాటు | టీచరు | 5 నిమిషాలు | తొందరగా పోతుంది | 1-3 |
| గోలీల సీసా | ఒద్దిక | టీచరు, అందరూ వింటారు | 2 నిమిషాలు | కొంత మిగులుతుంది | 1-4 |
| జట్ల ఆట | ఒద్దిక, అల్లరి క్లాసు | టీచరు, జట్టు | 10 నిమిషాల ఆట, పాఠం సాగుతూనే | మెల్లగా తగ్గించాలి | 1-5 |
| రంగుల చార్టు | వద్దు | టీచరు | – | – | – |
| మాటతో మెచ్చుకోలు | రెండూ | టీచరు | విడిగా అక్కర్లేదు | ఆపనవసరం లేదు | అన్నీ |
| మంచి చీటీలు | మంచితనం | పిల్లలు | 7-10 నిమిషాలు | చూసే అలవాటు మిగులుతుంది | 2-5 |
| మూడు మంచిపనులు | మంచితనం, కలుపుగోలుతనం | పిల్ల తనను తానే | వారానికి 10 నిమిషాలు | కొంత మిగులుతుంది | 4-5 |
| గుండ్రంగా కూర్చోవడం | మంచితనం, గొడవలు | అందరూ | 10 నిమిషాలు | నమ్మకం మిగులుతుంది | అన్నీ |

సమయం, మిగిలేదాని మాట నా అనుభవం మీద వేసిన అంచనా, మీ క్లాసులో అటూ ఇటూ అవ్వచ్చు.

మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

కొత్తగా చేరి, క్లాసు మాట వినక గొంతు పోగొట్టుకుంటున్నారా? నాలుగు వారాలు జట్ల ఆట, దానితోపాటు చేసిన పనిని చెప్పే మెచ్చుకోలు. ఇంకేమీ వద్దు. చీటీల డబ్బా ఇప్పుడే పెడితే అది కూడా అల్లరికి సాధనమవుతుంది.

క్లాసు ఒద్దికగానే ఉంది, కానీ ఒకరిద్దరు పిల్లలు విడిగా మిగిలిపోతున్నారా? సీసా, స్టార్లు మీకు అక్కర్లేదు. చీటీలు మొదలుపెట్టండి. పాఠంలో కూడా ఒకరి అవసరం ఒకరికి పడేలా చెయ్యండి: నలుగురు పిల్లలకు పాఠంలో నాలుగు ముక్కలు ఇచ్చి, ఒకరి ముక్క ఒకరు నేర్పితేనే మొత్తం తెలిసేలా. 1971లో ఆస్టిన్ నగరంలో జాతుల మధ్య గొడవలతో అట్టుడికిన బడుల కోసం ఎలియట్ ఆరన్సన్ దీన్ని తయారుచేశాడు. ఎవరూ పలకరించని పిల్ల చేతిలో అందరికీ కావలసిన ముక్క ఉంటే అందరూ పలకరించి తీరాలి.

ఒకటో తరగతి అయితే, రాయడం రాదు కాబట్టి చీటీకి బదులు నోటితో చెప్పించండి. ఇంటికెళ్లేముందు ముగ్గురు లేచి తాము చూసిన మంచిపని చెబుతారు. బొమ్మ గీసి డబ్బాలో వేసినా సరే. గీసింది ఏమిటో అడగడం మాత్రం మరవకండి, గీత చూసి ఊహిస్తే తప్పుతుంది.

యాభై అరవైమంది ఉన్న క్లాసులో గుండ్రంగా కూర్చోవడం కుదరదు, స్టార్ల లెక్క మీ ప్రాణం తీస్తుంది. గోలీల సీసా ఒద్దికకు, బెంచీకొక చీటీ మంచితనానికి. రోజుకు రెండు బెంచీల వంతు పెట్టుకుంటే చదవడం సాగుతుంది.

ఇప్పటికే స్టార్ల చార్టు నడుపుతున్నవాళ్లు దాన్ని రాత్రికి రాత్రి పీకెయ్యకండి, సంపాదించుకున్నదాన్ని లాక్కున్నారని పిల్లలు నొచ్చుకుంటారు. ఉన్న చార్టు నిండనివ్వండి. ఈలోగా సాయానికి స్టార్ వెయ్యడం ఆపి, ఆ చోట చీటీ డబ్బా పెట్టండి. నా పెన్సిల్ పాప దగ్గర అలాగే చేశాను. చార్టు నిండిన వారానికి ఆమె నా దగ్గరికి రావడం మానేసింది. ఒక సాయంత్రం డబ్బా తెరిస్తే పక్కవాడు రాసిన చీటీ ఉంది: "నాకు పెన్సిల్ ఇచ్చింది. అడగలేదు." తను ఆ సంగతి నాకు చెప్పనేలేదు.